రాతిని చదివించు వెలుగు

శ్రీముఖలింగాలయముల యెదుట కెమేరాకు ఓనమాలు దిద్దుకొనుచున్న కొందరి సాధన

రాతిని చదువుట నేర్పిన యూరు శ్రీముఖలింగము. వంశధార యెడమ గట్టున, నేటి శ్రీకాకుళము జిల్లా జలుమూరు మండలమున నున్న యీ గ్రామమే ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరమని చరిత్రకారులు పెక్కుమంది నిర్ణయించియున్నారు. మధుకేశ్వరము, భీమేశ్వరము, సోమేశ్వరము అను మూడాలయములు ఆనాటి వైభవమున మనకు దక్కిన భాగములు. ఈ క్షేత్రమునకు చేరువనే గల పర్వతాలపేటలో 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన జన్మించి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయవృత్తి నవలంబించిన గిడుగు వేంకట రామమూర్తిగారు, చేయిపట్టి దిద్దించు గురువు లేకున్నను, పుస్తకములు తెప్పించుకొని, ఈ యాలయములందలి శాసనముల యెదుట నిలిచి, తెలిసిన యక్షరమును బట్టి తెలియని యక్షరమును పోల్చుకొనుచు, ప్రాచీనలిపిని తమంతట తామే వశపరచుకొనిరి. తరువాతి కాలమున వాడుకభాషకై ఆయన సాగించిన మహోద్యమమును, సవరభాషకు ఆయన చేసిన సేవను మన మేటేట స్మరించుకొనుచునే యున్నాము. కాని ఆ మహనీయుని తొలి సాధనలలో నొకటి ఈ రాళ్ళ యెదుట జరిగినదని తలచుకొనువారు కొలదిమందియే.

అట్టి చోట క్రొత్తవారికి కెమేరా నేర్పవలెనని సంకల్పించినవాడు, నరసన్నపేట ప్రాంతమున చిరకాలము పెండ్లిళ్ళకు ఫొటోలు తీసి, ఫిల్ము రోజులనుండి మెమరీ కార్డు రోజులవరకు తన వృత్తిలో వచ్చిన మార్పుల నన్నింటిని కన్నులార చూచిన యొక స్టూడియో యజమాని. శివరాత్రి యుత్సవములు ముగిసి, వంశధారలో చక్రతీర్థస్నానమునకు తరలివచ్చిన జనమంతయు ఇండ్లకు మరలి, ఆలయప్రాంగణమున నడువ చోటు చిక్కిన పిమ్మట, ఆదివారములందు ఈ తరగతి సాగుచున్నది. వచ్చువారము కొలదిమందిమి. విశ్రాంతోపాధ్యాయుడనైన నేను, శ్రీకాకుళమున డిగ్రీ చదువుచున్న యొక విద్యార్థిని, పలాసలో జీడిపప్పు కార్ఖానా లెక్కలు వ్రాయు నొక యువకుడు, పెండ్లిళ్ళలో ఫొటోగ్రాఫరు వెంట లైటు పట్టుకొని తిరుగు నొక కుర్రవాడు. నా చేతిలో నున్నది మా పిల్లలు విశాఖపట్నమున కొని తెచ్చి యిచ్చిన క్రొత్త మిర్రర్‌లెస్ కెమేరా. కుర్రవానికి స్వంత కెమేరా లేదు, ఫోనుతోనే నేర్చుకొనుచున్నాడు. గురువు దానికి లేశమైనను అభ్యంతరము చెప్పలేదు. చెప్పకుండుట యుచితమే, ఏలయన ఆయన నేర్పదలచినది యంత్రమును గాదు.

మొదటినాడు మమ్మెవ్వరిని కెమేరా బయటకు తీయనీయలేదు. "సంచీలోనే ఉండనీండి మాస్టారూ. ఇయాల సూడ్డమే పని. ఆ నీడ ఎటెల్తాదో, గంటకి ఎంత జరుగుతాదో సూసి సెప్పండి, సాలు" అని పలికి, తలా గుప్పెడు గులకరాళ్ళ నిచ్చి, స్తంభపు నీడ కొన నేలమీద ఎచ్చట నున్నదో అచ్చట నొక రాయి యుంచుచు పొమ్మనెను. పొద్దెక్కినది మొదలు ఎండ చల్లబడువరకు మేమట్లే చేసితిమి. మార్చి 21 ప్రాంతమున, అనగా పగలును రాత్రియు సమానమైన కాలమున, ఆ రాళ్ళ వరుస పడమటినుండి తూర్పునకు ఇంచుమించు తిన్నని గీతయై నిలుచును. ఆ కాలము దాటి దినములు గడచినకొలది గీత వంగును. భూగోళపాఠము చెప్పి జీవితము గడపిన నాకు ఈ సంగతి పుస్తకమున తెలియనిది కాదు. అయినను, వేయేండ్ల నాటి ప్రాకారములోపల కూర్చుండి, ఆ గీత నా చేతి రాళ్ళతోనే యేర్పడుచుండగా చూచుట వేరొక విద్య.

ఆ గీతవలన మేము పట్టుకొన్న విషయము కెమేరా పట్టువారికే గాక శిల్పము చూడవచ్చు ప్రతివానికిని పనికివచ్చునది. శ్రీముఖలింగము భూమధ్యరేఖకు ఉత్తరముగా పదునెనిమిదిన్నర డిగ్రీల పైచిలుకున నున్నది. కావున మే నెల నడుమ నొకమారును, జూలై చివర నొకమారును సూర్యుడు మిట్టమధ్యాహ్నమున సరిగా నడినెత్తికి వచ్చును. ఆ రెండింటి నడిమి కాలమున మధ్యాహ్నసూర్యుడు ఆలయశిఖరమునకు ఉత్తరపు వైపున నుండును. అనగా, సంవత్సరములో తొమ్మిది నెలలకు పైగా మధ్యాహ్నపు టెండ యెరుగని ఉత్తరపు గోడ, గ్రీష్మాంతమున కొన్ని వారములు మాత్రము ఆ యెండను చూచును. జూన్ 21 ప్రాంతమున సైతము సూర్యుడు నడినెత్తికి 5 డిగ్రీలకంటె నుత్తరముగా పోడు గాన, ఆ వెలుగు గోడను ఎదురుగా తాకక, పైనుండి దాని యొంటిని రాచుకొనుచు క్రిందికి జారును. అట్లు రాచుకొనుచు జారు వెలుగే శిల్పమునకు ప్రాణము. ఎదురుగా పడిన వెలుగు ఉబ్బును పల్లమును ఒక్కటిగా చేసి, బొమ్మను గోడలో కలిపివేయును. ప్రక్కనుండి వచ్చిన వెలుగు ప్రతి యుబ్బుకు నొక నీడ నిచ్చి, రాతిలోనుండి బొమ్మను బయటకు తెచ్చును. ఉత్తరపు గోడమీద పై యంచుల నీడలు దీర్ఘములై వ్రాలి కొంత భాగమును చీకటి చేయుననుటయు నిజమే. అయినను వెలుగు తగిలిన మేర, శిల్పి ఉలి యెచ్చట ఆగి యెచ్చట మరల సాగినదో చెప్పగలంత స్పష్టత కలుగును. దక్షిణపు గోడకు ఈ భాగ్యము కొలదిగనో గొప్పగనో వసంతమునను శరత్తునను కలదు. తూర్పు ముఖమునకు ఉదయపు టెండ ఎదురువెలుగు. దానిని చూడవలసినది పొద్దెక్కి మధ్యాహ్నము సమీపించునపుడు. యాత్రికులలో పెక్కురు ఉదయముననే వచ్చి, తూర్పు ద్వారము ముందర నిలిచి, ఫొటో తీసికొని వెళ్ళిపోవుదురు. వారికి ఆ ద్వారము సగమే కనబడినదని నా యభిప్రాయము.

కెమేరా చేతబట్టనిచ్చిన నాడు చెప్పిన పాఠము మీటలను గూర్చినది. క్రొత్తవారి నధికముగా బెదరగొట్టు భాగమిదియే గాన కొంచెము వివరించెదను. లోనికి వచ్చు వెలుగును నిర్ణయించునవి రెండు: లెన్సు నడిమి రంధ్రపు వెడల్పగు అపెర్చరు, ఆ రంధ్రముగుండ వెలుగు లోనికి వచ్చు వ్యవధిని నిర్ణయించు షట్టరు. హిరమండలమున గొట్టా బ్యారేజీ తలుపు నెంత యెత్తున లేపినారు, ఎంతసేపు లేపి యుంచినారు అను రెండు లెక్కలనుబట్టి కాలువలోనికి పోయిన నీరు తెలియునట్లే, ఈ రెండు లెక్కలనుబట్టి లోనికి వచ్చిన వెలుగు తెలియును. మూడవది ఐ.ఎస్.ఓ.; అది వెలుగును పెంచునది కాదు, వచ్చిన వెలుగునకు కెమేరా చూపు స్పందనను పెంచునది; దానిని మితిమీరి పెంచినచో చిత్రము గరుకై, ఇసుక చల్లినట్లగును. అపెర్చరు నెన్నికలో సంఖ్య పెరిగినకొలది రంధ్రము చిన్నదగుట మొదట వింతగా తోచును గాని, ఆ సంఖ్య లెన్సు నాభ్యంతరమును రంధ్రపు వెడల్పుతో భాగింపగా వచ్చిన లబ్ధమని తెలిసినపుడు వింత తొలగిపోవును. మబ్బులేని యెండలో అపెర్చరును ఎఫ్ 16లో ఉంచి, ఐ.ఎస్.ఓ. 100 అయినచో షట్టరును సెకనులో 100వ వంతు దాపున ఉంచవలెనని ఫిల్ము కాలపు పెద్దలు కనిపెట్టిన సూత్రము నేటికిని చెల్లుచున్నది. ఎఫ్ 16 నుండి ఎఫ్ 8కి వచ్చినచో వెలుగు నాలుగు రెట్లగును. అందుచే షట్టరును 400వ వంతునకు తీసికొనిపోవలెను. ఈ బేరీజు ఒకమారు మనసున కెక్కినవానికి ఏ కంపెనీ కెమేరా యైనను పరాయిది గాదు.

మీటలకంటె లోతైనది మీటరు పాఠము. కెమేరాలో వెలుగును కొలుచు మీటరు యెదుట నున్నది నల్లనిదో తెల్లనిదో యెరుగదు. సర్వమును నడిమి బూడిదరంగుగా భావించి లెక్కకట్టును. పడిన వెలుగులో నూటికి 18 పాళ్ళు మాత్రము తిరిగి పంపు బూడిదరంగు అట్టను ఫొటోగ్రాఫర్లు ప్రమాణముగా వాడుట ఇందులకే. ఈ సంగతి మాకు తెలిసినది పూజల నూనెతో నల్లబడి నిగనిగలాడు నొక చిన్న నందివలన. విద్యార్థిని దానిని ఫొటో తీసి తెరమీద చూచుకొని, "సార్, నంది నల్లగ మెరుస్తన్నాది గదా, ఇందులో బూడిద పూసినట్టొచ్చిందేటండి?" అని యడిగెను. "అమ్మా, దానికి నందీ తెల్దు, కొంగా తెల్దు. నల్లటిదైనా తెల్లటిదైనా నడిమి రంగులోకి ఈడ్సేద్దామనే సూస్తాది. నలుపుని నలుపుగ ఉంచాలంటే నువ్వు మైనస్‌లోకి తిప్పాలి, తెలుపుకైతే ప్లస్‌లోకి తిప్పాలి. కంటికి తెలిసింది కెమేరాకి నువ్వే సెప్పాల" అని గురువు సమాధానము. ఆమె మీటను రెండు మెట్లు క్రిందికి తిప్పి మరల తీసినపుడు, నంది మూపు మీద ఎండ తగిలిన చోట సన్నని తళుకు, మెడ ముడుతలలో నిండు నలుపు, కొమ్ముల మొదట నంటిన కుంకుమ యెరుపు వేటికవి వచ్చినవి. ఆ మధ్యాహ్నమే వంశధార యిసుకలో, మోకాటిలోతు నీటిలో నిలిచియున్న కొంగల మీద ఇదే పాఠమును తలక్రిందులుగా అభ్యసించితిమి.

ఇచ్చట ఫొటోగ్రఫీ చరిత్ర కొంత చెప్పక తప్పదు. 1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన డాగురే కనిపెట్టిన పద్ధతి పారిస్‌లో లోకమునకు వెల్లడియైన పిమ్మట, రెండు దశాబ్దములు నిండకముందే ఆ విద్య మన దక్షిణాపథమున బడిలో చెప్పు పాఠమైనది. 1850లో మద్రాసులో అలెగ్జాండర్ హంటరు స్థాపించిన కళాశాలయందు, ఆ దశాబ్దమునందే ఫొటోగ్రఫీ నేర్పసాగిరి. ఈ ముఖలింగ ప్రాంతమంతయు గంజాము జిల్లాలో చేరి మద్రాసు రాజధానికి లోబడియుండిన కాలమది. ఆ నాళ్ళలోనే మద్రాసు ప్రభుత్వపు ఫొటోగ్రాఫరుగా నియుక్తుడైన లిన్నేయస్ ట్రైపు అను సైనికోద్యోగి, మైనము పట్టించిన కాగితపు నెగెటివులను, బండెడు సామగ్రిని వెంటగొని తిరిగి, 1858లో తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానము మీది శాసనమును ముక్కముక్కగా ఫొటోలు తీసి, 21 ముద్రణలను ప్రక్కప్రక్కన అతికించి, 19 అడుగుల పైచిలుకు పొడవుగల యొక్క చిత్రముగా కూర్చెను. మన యమరావతి స్తూపపు శిల్పములను, అవి లండనునకు తరలిపోవుటకు ముందు, మద్రాసున నుండగా ఫొటోలు తీసినవాడును ఆయనయే. కెమేరా యీ దేశమున అడుగిడిన తొలి దినములలోనే దానికి లభించిన గొప్ప పనులలో నొకటి శాసనము చదివించుట యని నాకు తోచుచున్నది. దొరల యుద్యానములు, దర్బారు వేషములు తరువాతి మాట.

ఈ ప్రస్తావన మాకు వచ్చినది మండపములోని యొక స్తంభముకడ. కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో నున్న కట్టడములందు కెమేరాను చేతబట్టి ఫొటోలు తీసికొనవచ్చును గాని, మూడుకాళ్ళ స్టాండు నిలుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెను. అందుచేత మండపపు చీకటిలో మోచేతులను ఱొమ్మున కానించి, ఊపిరి బిగబట్టి, ఐ.ఎస్.ఓ.ను 1600 వరకు పెంచి తీయుటయే గతి. స్తంభము మీద ఎదురుగా చూచినపుడు రాయి తప్ప మరేమియు కనబడలేదు. అప్పుడు గురువు జేబులోని చిన్న టార్చిలైటు తీసి, దానిని స్తంభమునకు ఇంచుమించు ఆనించినట్లుగా ఎడమప్రక్కన పట్టుకొనెను. తోడనే వరుసలు వరుసలుగా అక్షరములు లేచినవి. లేచినవనుటకంటె, నిలువు గీతలు మాత్రము లేచినవనుట సత్యము. అడ్డముగా సాగు గీతలు ఇంకను కనబడలేదు. టార్చిని స్తంభము తలవైపునకు మార్చినపుడు నిలువు గీతలు మాయమై, తలకట్లును అడ్డగీతలును తేలినవి. వెలుగు ఏ గాడిలో పొడవునా పారునో ఆ గాడి కంటికి అదృశ్యమగును; ఏ గాడిని అడ్డముగా దాటునో అది నీడ పట్టి నిలుచును. కావున ఒక్క శాసనమునకు ఒక్క ఫొటో చాలదు. నాలుగు దిక్కులనుండి వెలుగు వేసి నాలుగు ఫొటోలు తీసి, వానిని కలిపి చదువవలెను. కార్ఖానా యువకుడు నాలుగు ఫొటోలను వరుసగా త్రిప్పి చూపుచుండగా, విద్యార్థిని కాగితముమీద ఒక్కొక్క గీతను చేర్చుచు వచ్చెను. నేను చదువగలిగినది రెండు మూడక్షరములే. కాని అవి మన తెలుగు అక్షరములకు తాతముత్తాతలని చూచినంతనే తెలిసినది.

రామమూర్తిగారికి ఈ సౌకర్యములు లేవు. శాసనపరిశోధకులు ఆ కాలమునుండి నేటివరకు ప్రధానముగా ఆశ్రయించుచున్న మార్గము వేరు: రాతిని నీటితో కడిగి, తడికాగితమును దానిపై పరచి, గట్టి కుచ్చు బ్రష్షుతో కొట్టి కాగితమును అక్షరపు గాళ్ళలోనికి దిగునట్లు చేసి, పైన సిరా అద్దుదురు. ఎత్తైన భాగము సిరా తీసికొనగా అక్షరములు తెల్లగా నిలుచును. శ్రమయు నోర్పును గల పని యది. దానిలో చేయి తిరిగినవారి ప్రతులు ఏ ఫొటోకును తీసిపోవు. టార్చి పాఠమును యంత్రమున కప్పగించిన మార్గము 2001లో వెలువడినది: అమెరికాలో హ్యూలెట్ ప్యాకార్డ్ పరిశోధనశాలకు చెందిన టామ్ మాల్జ్‌బెండరు, ఆయన సహచరులు, కెమేరాను కదల్పక, వెలుగును మాత్రము పలుదిక్కులనుండి వేసి తీసిన ఫొటోలను గణితముతో కలిపి, తెరమీద వెలుగును మన యిచ్చ వచ్చిన వైపునకు త్రిప్పి చూచు విధానమును ప్రకటించిరి. ఎండవానలకు అరిగిన శాసనములను చదువుటకు ప్రపంచమున పలుచోట్ల నేడిది వాడుకలో నున్నది. మా చేతిలో నున్న కెమేరాతోను, ఒక టార్చితోను దాని తొలిమెట్టును ఎక్కవచ్చునని తెలిసిననాడు నాకు కలిగిన సంతోషము వర్ణింపలేనిది.

మధుకేశ్వరాలయపు ద్వారబంధముల యెదుట మాకు చాలకాలము గడచినది. ఆ రాతిలతల నల్లిక చూచి తీరవలెను: తీగె చుట్టుచుట్టుకు తనలోనికే ముడుచుకొనుచు, ఆకు క్రింద ఆకును దాచుకొనుచు, ఎచ్చటను త్రెగక పైవరకు ప్రాకును. చోడగంగుని తామ్రశాసనములు ఈ స్వామికి మధూకవృక్షమువలన, అనగా ఇప్పచెట్టువలన, మధుకేశుడను పేరు వచ్చినదనియు, పూర్వుడైన కామార్ణవుడు ఆయనకు ఉన్నతమైన యాలయము కట్టించెననియు చెప్పుచున్నవి. చెట్టు పేరు గల దేవుని వాకిట రాతికి తీగెలు పుట్టుట యెంతయు తగియున్నది. ఆ తీగెల లోతు ఫొటోలో తెచ్చుటకు గురువు పెండ్లిపనికి తెచ్చుకొను థర్మోకోల్ అట్టను కుర్రవానిచేత పట్టించెను. ప్రక్కనుండి వచ్చు నెండవలన నీడలు మరీ నల్లనై లోపలి యాకులు మునిగిపోవుచుండగా, అట్టను రెండడుగులు ముందునకు జరిపినంతనే ఆ నీడలలోనికి మెత్తని వెలుగు చేరి, మునిగిన యాకు పైకి తేలినది. మరి రెండడుగులు జరిపినపుడు నీడ పూర్తిగా చచ్చి లత మరల చదునైనది. ఎంత చేరువ యుంచవలెనన్నది ఏ పుస్తకమునను లేదు, కన్నే చెప్పవలెను.

కెమేరా నెత్తి పైకి చూచి తీసినపుడు శిఖరము వెనుకకు వ్రాలిపోవుచున్నట్లు వచ్చునని, దూరముగా పోయి కెమేరాను సమతలముగా పట్టినచో సోమేశ్వరుని గుడి తిన్నగా నిలుచునని నేర్చుకొంటిమి. గర్భాలయములో ఫొటో తీయరాదన్న నియమమును అర్చకులు చెప్పకముందే పాటించితిమి. దర్శనమునకు వచ్చిన స్త్రీలను, వృద్ధులను, కొండప్రాంతములనుండి దిగివచ్చు సవరలను అడుగక ఫొటో తీయరాదని గురువు గట్టిగా చెప్పెను. "అడిగితే వొద్దంటారేమోనని దొంగసాటుగా తియ్యకండి. వొద్దంటే ఆ ఫొటో మనది కాదన్నమాట" అని యాయన మాట. ఈ మాట మన పత్రికల ఫొటోగ్రాఫర్లు సైతము చెవిని పెట్టదగినది.

నేడు మన పట్టణములలో కెమేరా తరగతులకు కొదువ లేదు. హైదరాబాదు లలితకళల విశ్వవిద్యాలయమున ఫొటోగ్రఫీలో పట్టము పొందు చదువే కలదు. అయితే ప్రారంభకుల తరగతులు పెక్కింటిలో మొదటి వారమే కంప్యూటరు ముందర కూర్చుండబెట్టి, ఆకాశము నీలిమను, మొగముల నునుపును ఎట్లు దిద్దవలెనో నేర్పుచున్నారు. దిద్దుట తప్పని నే ననను. ఫిల్ము నాళ్ళలో చీకటిగదిలో జరిగినదియు దిద్దుబాటే. కాని చూచుట నేర్వకముందు దిద్దుట నేర్పినచో, ఆ విద్యార్థి యెన్నటికిని వెలుగుకొరకు వేచియుండడు. ఏ యెండలోనైనను తీసి యింటికి పోయి బాగుచేసికొందునని ధీమా పడును. శ్రీముఖలింగము వంటి చోట ఈ ధీమాకు చోటు లేదు. ఎదురెండలో చదునైపోయిన లతకు ఏ కంప్యూటరును లోతు తేజాలదు. లేని నీడను తెచ్చుట సృష్టి యగును గాని చిత్రము గాదు.

ఈ విద్య బ్రతుకుతెరువునకు పనికివచ్చునా యను ప్రశ్న సహజము. దానికి సమాధానము మా తరగతిలోని కుర్రవాడే చెప్పెను. లతల పాఠము ముగిసిన నాడు తిరుగు దారిలో, తిలారు రైలుస్టేషను మీదుగా పోవు నాటోలో కూర్చుండి, చాలసేపు మౌనముగా నుండి, గురువుతో ఇట్లనెను: "మన లైటు కెమేరా పక్కనే ఎదురుగ కొడతన్నాం గాదండీ, అందుకే పెళ్ళికూతురి నగలు అచ్చేసినట్టు సదునుగ వస్తన్నాయి. ఈసారి నేను పక్కకెల్లి నిలబడతాను." గురువు తల యూపి, "నిలబడు. అడ్డొచ్చావని ఆళ్ళు కోప్పడితే నేను సెప్తాను" అనెను. పెండ్లి పందిళ్ళలో వందలకొలది గంటలు లైటు మోసిన చేతికి ఆ లైటు యొక్క యర్థము తెలిసినది ఒక ద్వారబంధము ముందర. మన జిల్లాలో పెండ్లి ఫొటోలమీద బ్రతుకు యువకులు వందలకొలదిగ నున్నారు. వారికి ఇట్టి చోట్ల నాలుగు ఆదివారములు గడపు నవకాశము కలుగవలెను. స్టూడియోలవారి సంఘములో, కళాశాలలో, గ్రంథాలయములో ఎవరు పూనుకొన్నను జరుగగల పని యిది. పెద్ద ధనము అక్కరలేదు. దంతవరపుకోట, శాలిహుండము, అరసవల్లి, శ్రీకూర్మము, మన కింత సమీపమున నిన్ని యున్నవి. అన్నింటికిని ఎండ ఉచితము.

ప్రస్తుతము మా పని ఒక్క ద్వారబంధమును సంవత్సరము పొడుగున, ఋతువు మారినపుడెల్ల ఒకే చోట నిలిచి, ఒకే లెన్సుతో తీయుట. తీసిన ప్రతి చిత్రము క్రింద తేదీ, గంట, ఎండవచ్చిన దిక్కు వ్రాయుట విద్యార్థిని వంతు. శాసనముల చిత్రములను వరుసపరచుట కార్ఖానా యువకుని వంతు. ఒక ప్రతిని గ్రామ పాఠశాలకు ఇచ్చెదము, అచ్చటి పిల్లలు తమ గుడిగోడమీది యక్షరములను తరగతి గదిలో కూర్చుండి కూడబలుకుకొనవచ్చును. ఉత్తరపు గోడ మాత్రము మిగిలియున్నది. దానికొరకు జూన్ మూడవ వారమున, తొలకరి మబ్బులు క్రమ్ముకొనకున్నచో, పదకొండు గంటలకు ముందే ప్రాకారములో నుండవలెనని, థర్మోకోల్ అట్ట తోడ టార్చిలైట్లు రెండు తేవలెనని, ప్రక్క యూరినుండి నిచ్చెన తెచ్చినను గోడకు ఆనింపరాదని గురువు ఇప్పుడే చెప్పియుంచెను.